మా ఇంటి మురుగు

హైదరాబాదులో ఒక వానాకాలపు సాయంత్రం మా వీథి మ్యాన్‌హోలు పొంగి, మా స్నానాలగదిలో మురుగు నిలిచింది. కబురంపగా వచ్చిన పనివాడు వెదురుబద్దతో పొడిచి చూచి, “దిగమంటారా సార్?” అంటూ చొక్కా విప్పబోయాడు. తొందరలో తలయూపబోయి, ఆగిపోయాము.

మూతవేసిన మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు మొదట వాసన తెలిసే శక్తిని, పిదప ప్రాణాన్ని హరిస్తుంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని అందులోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. అట్లా మరణించినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారమివ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పైకం వస్తుంది గాని, మనిషి రాడు కదా!

మరునాడు నీటి ఒత్తిడితో గొట్టాలు కడిగే యంత్రం వచ్చింది. బయటపడినదేమి? మా వంటింటి జిడ్డు, మేము పారవేసిన ప్లాస్టిక్ సంచులు! ఒక్కరాత్రి దుర్గంధానికి ఓర్వలేక, మా చెత్త కోసం ఒక నిండుప్రాణాన్ని గోతిలోకి పంపబోయాము. ఆనాడే మా తూములకు జాలీలు బిగించుకొన్నాము.