తిరుత్తణి ఏ జిల్లాలో ఉంది?

తమిళనాడు తెలుగువారి మీద నేను రాసిన తొలి పరిశోధనా పత్రంలో ఒక వాక్యం ఇది: సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న చిత్తూరు జిల్లా తిరుత్తణిలో పుట్టారు. దాని కింద ఫుట్‌నోట్‌లో ఒక పుస్తకం పేరు, పుట సంఖ్య ఇచ్చాను. పత్రికకు పంపేముందు తిరువళ్ళూరులో ఒక రిటైర్డ్ చరిత్ర మాస్టారికి చూపించాను. ఆయన ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, "1888లో చిత్తూరు జిల్లా ఎక్కడుంది బాబూ?" అన్నారు.

ఆ జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలో, కార్వేటినగరం జమీందారీలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు వివాదంలో మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫార్సుల మీద 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్ళి, చెంగల్పట్టు జిల్లాలో కలిసింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. ఊరు ఒకటే, జిల్లాలు నాలుగు. నేను చూసిన పుస్తకం 1960కి ముందు రాసింది. రాసిన రోజుల్లో తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉంది కనుక రచయిత అలా రాశారు. నా దగ్గరున్నది పునర్ముద్రణ. మొదటి ముద్రణ ఎప్పటిదో చూడకుండా, ఆ మాటను 1888కి అంటగట్టాను.

రెండో తప్పు అంతకన్నా పెద్దది. ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్‌ను "కాక్స్, 1881" అని ఉదహరించాను. మాస్టారు "ఈ పుస్తకం తెరిచి చూశావా?" అని అడిగారు. చూడలేదు. వేరొకరి థీసిస్‌లోంచి పుట సంఖ్యతో సహా ఎత్తి రాశాను. కాక్స్ మాన్యువల్‌ను 1890ల్లో స్టూవర్ట్ సవరించి కొత్త కూర్పుగా తెచ్చాడు. థీసిస్‌లోని పుట సంఖ్య ఆ కొత్త కూర్పుది, నేను వేసిన సంవత్సరం పాతదానిది. నా మాట నమ్మి లైబ్రరీలో 1881 కూర్పు తీసిన పాఠకుడికి ఆ పుటలో ఆ విషయం దొరకదు.

ఆకరం ఇవ్వడమంటే మనం చూసినదాన్ని పాఠకుడు కూడా చూడగలిగేలా దారి చెప్పడం. అందుకే ఇప్పుడు చూడని పుస్తకాన్ని చూసినట్టు రాయను. థీసిస్‌లో చదివితే ఆ థీసిస్ పేరే చెప్పి, అందులో ఉదహరించినదని రాస్తాను. పునర్ముద్రణ అయితే రెండు సంవత్సరాలూ వేస్తాను. ఏపీఏ అనే ఉదహరణ పద్ధతిలో వాక్యం పక్కనే రచయిత పేరు, సంవత్సరం వస్తాయి. ఎంఎల్‌ఏలో పేరు, పుట సంఖ్య వస్తాయి, సంవత్సరం చివరి పట్టికలో ఉంటుంది. సరిహద్దుల చరిత్రకు నాకు మొదటిదే అనువు. ఏది పట్టుకున్నా చివరిదాకా అదే ఉండాలి.

మన ప్రాంతంలో పేర్ల దగ్గరా జాగ్రత్త కావాలి. తిరుత్తణిలో తెలుగువారి ఇనీషియల్ సాధారణంగా ఇంటిపేరు, తమిళులది తండ్రి పేరు. ఆకరాల పట్టికలో ఇంటిపేరు ముందు వేయమన్న నియమాన్ని గుడ్డిగా పాటిస్తే తమిళ రచయిత పుస్తకం తండ్రి పేరు కింద చేరుతుంది. సర్వేపల్లి ఇంటిపేరే అయినా, లైబ్రరీ కేటలాగులు రాధాకృష్ణన్‌ను ఆయన సొంత పేరు కిందే పెడతాయి.

పరిశోధన మొదలుపెట్టే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. పుస్తకం చేతిలో ఉండగానే టైటిల్ పేజీ, దాని వెనక పేజీ ఫోటో తీసుకోండి. కూర్పు, సంవత్సరం, ప్రచురణకర్త అన్నీ అక్కడే ఉంటాయి. పుట సంఖ్య అప్పటికప్పుడే రాసుకోండి.