అక్టోబరులో మంచు

మా చిన్నప్పుడు వేములవాడలో చలి అంటే కార్తీకమాసం తెల్లవారుజామున ధర్మగుండంలో మొదటి మునక. పళ్లు టకటకలాడుతుండగా ఒడ్డెక్కి, రాజన్న గుడిలోకి పరుగెత్తే లోపల సగం చలి పోయేది. మిగతా సగం గుడి బయట టీకొట్టు దగ్గర పోయేది. కోడెమొక్కుకు వచ్చిన జనం అరుగులమీద దుప్పట్లు ముసుగుపెట్టుకుని నిద్రపోయేవారు. అంతకు మించిన చలి మేమెరుగము. పంపకవి ఉన్న ఊరివాడినని క్లాసులో గొప్పలు చెప్పుకునే నేను మంచుకొండల్ని కావ్యాలలో చూడడమే గాని కంట చూసింది లేదు.

2011లో అమ్మను వెంటబెట్టుకుని అమెరికాలో కనెటికట్ రాష్ట్రానికి, తమ్ముడింటికి వెళ్లాను. హార్ట్‌ఫర్డ్‌కు దగ్గరి ఊరు. మరదలికి ఆడపిల్ల పుట్టి ఇరవై రోజులు. అక్టోబరు 26న దీపావళికి గుమ్మంలో ప్రమిదలు పెట్టుకున్నాము. ఇంటిచుట్టూ మేపుల్ చెట్లు, ఓక్ చెట్లు. ఆకులు రంగు తిరిగాయి గాని ఇంకా రాలలేదు. అసలు చిక్కంతా ఆ రాలని ఆకులతోనే వచ్చింది.

29వ తేదీ, శనివారం, మంచు మొదలైంది. "దూది ఏకినట్టు పడ్తున్నదిరా!" అని అమ్మ కిటికీ దగ్గర కూర్చుని మురిసిపోయింది. నడి చలికాలంలో పడే పొడిమంచు మోడుకొమ్మలమీద నిలవకుండా జారిపోతుందట. ఇది తడిమంచు. ప్రతి ఆకూ దోసిలి పట్టినట్టు దాన్ని పట్టుకుంది. రాత్రయ్యేసరికి కొమ్మలు ఫెళఫెళ విరిగి కరెంటు తీగలమీద పడసాగాయి. ఎవరో తుపాకులు పేలుస్తున్నారు కాబోలు అనుకున్నాను. సుమారు అడుగు మంచు పడింది. ఆ ఒక్క రాష్ట్రంలోనే 8 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్ని ఊళ్లకు వారం దాటినా రాలేదు.

పోతే దీపాలేగా అనుకున్నాను. కాదు. అక్కడ ఇల్లు వెచ్చబెట్టే యంత్రం నూనెతో మండినా, గ్యాసుతో మండినా, ఆ వేడిని గదులలోకి తోసేది కరెంటే. బావినీళ్లు వాడుకునే ఇళ్లలో మోటారు ఆడక నీళ్లూ లేవు. మంచు కరిగించుకుందామంటే బిందెడు మంచుకు చెంబెడు నీళ్లు!

రెండవ రాత్రికి పసిదాని చేతులు చల్లబడ్డాయి. వేసవిలో తమ్ముడు మక్కకంకులు కాల్చుకునే బొగ్గుపొయ్యి గ్యారేజీలో అమ్మ కంటబడింది.

"గా కుంపటి లోపల పెట్టరాదురా! మిమ్ముల ఇద్దర్ని కుంపటి పక్కనే పెంచిన."

"ఇది మన ఇల్లు కాదమ్మా, గాలాడదు," అన్నాడు తమ్ముడు.

అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. నాకు ఒళ్లు మండింది. నాలుగు డాలర్లు సంపాదించి తల్లికే పాఠాలు చెబుతున్నాడనుకున్నాను. వాడు పడుకున్నాక గుమ్మం బయట బొగ్గులు రాజేసి, ఎర్రగా కాలాయి, ఇక పొగ లేదుగదా అని నేనే ఆ పొయ్యిని లోపలికి మోసుకొచ్చాను. గది వెచ్చబడింది. అమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని కునుకు తీసింది. నాకు తల బరువెక్కితే నిద్రమత్తనుకున్నాను.

ఇంతలో గోడమీది చిన్న డబ్బా కెవ్వుమని అరిచింది. కార్బన్ మోనాక్సైడ్ పోగైతే హెచ్చరించే అలారం అది, బ్యాటరీతో నడుస్తుంది. తమ్ముడు పరుగెత్తుకొచ్చి మమ్మల్నందర్నీ బయటికి నెట్టి, తలుపులు తీసి, పొయ్యిని ఈడ్చుకుపోయి మంచులో బోర్లించాడు. విరిగిన కొమ్మలు తప్పించుకుంటూ ఆసుపత్రికి పోతే, పిల్లకు భయం లేదన్నారు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మా పెంకుటింట్లో ఆ గాలి పెంకుల సందుల్లోంచి పోయేది. చలి చొరబడకుండా బిగించి కట్టిన ఇంట్లో దానికి దారి లేదు. రంగూ వాసనా లేని విషం. మర్నాడు ఊరివాళ్లు బడిలో తెరిచిన శిబిరానికి చేరాము. ఇళ్లలో బొగ్గులు పెట్టుకుని, జనరేటర్లు నడుపుకుని, ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలోనే కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వార్త అమ్మకు ఎవరూ తెలుగులో చెప్పలేదు. అయినా ఆమెకు తెలిసింది.

ఆ పిల్ల ఇప్పుడు హైస్కూలు చదువుతున్నది. మొన్నటి చలికాలం వేములవాడ వచ్చినప్పుడు అమ్మ తన పాత కుంపటి బయటికి తీసింది. ముందు వీధితలుపు, తరువాత పెరటితలుపు బార్లా తెరిచి, ఆ తరువాతే బొగ్గులు రాజేసింది. చలిగాలికి వణుకుతూనే అందరమూ కుంపటిచుట్టూ కూర్చున్నాము.