ఎకరం ఇరవై సెంట్లు

మా శ్రీమతి నలభై మూడో ఏట మళ్ళీ పరీక్షలకు కూర్చుంది. లోపలి గదిలో పదో క్లాసు చదువుతున్న మా అమ్మాయి, హాల్లో భోజనాల బల్ల దగ్గర వాళ్ళమ్మ. ఇద్దరి మధ్యా నేను, టీవీ నోరు నొక్కేసి బొమ్మలు మాత్రం చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. అల్ ఐన్‌లో పంపింగ్ స్టేషన్ల పని చూసే మెకానికల్ ఇంజనీరుకి ఆ నాలుగు నెలలూ ఇంట్లో ఉన్న హోదా అంతే.

ఆవిడ చదివేది కంపెనీ సెక్రటరీ కోర్సు. సంగతి తెలియగానే ఊళ్ళో మా పిన్ని, "ఈ వయసులో టైపు నేర్చుకోవడం దేనికే?" అంది. పిన్నిని అనడానికి లేదు, మనలో చాలామందికి తెలిసింది అంతే. ఈ సెక్రటరీ ఉత్తరాలు టైపు చేసే సెక్రటరీ కాదు. కంపెనీ చేసే పనులు చట్టానికి లోబడి ఉన్నాయో లేదో చూసుకునే మనిషి. ఈ వృత్తికి పునాది 1980లో పార్లమెంటు చేసిన కంపెనీ సెక్రటరీల చట్టం. చెల్లించిన మూలధనం పది కోట్ల రూపాయలకు చేరిన కంపెనీ ఇలాంటి మనిషిని పూర్తికాలపు ఉద్యోగిగా పెట్టుకుని తీరాలి. నరసరావుపేటలో బి.కాం. అయ్యాక ఆవిడ ఈ కోర్సు మొదలుపెట్టింది. పెళ్ళి, వీసా, పిల్ల, ఈ మూడింటితో అది అటకెక్కింది. దుబాయిలోనే పరీక్షా కేంద్రం ఉందని తెలిశాక అటక మీంచి దించి దుమ్ము దులిపింది.

ఆర్థిక, వాణిజ్య చట్టాల పేపరు దగ్గరకొచ్చేసరికి నాకూ ఒక ఉద్యోగం దొరికింది. పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడగడం. "చెక్కు చెల్లకపోతే?" అంటే, "బ్యాంకు కబురు అందిన ముప్పై రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక పదిహేను రోజుల్లో డబ్బు ముట్టకపోతే కేసు" అని గడగడా అప్పజెప్పేది. ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుంచి ఖాతాలో డబ్బు లేక తిరిగొచ్చిన చెక్కు చాలావరకు వసూలు వ్యవహారమే తప్ప జైలు కేసు కాదు. మన దేశంలో మాత్రం ఇంకా నేరమే. నేను ఇలాంటివి విని తలూపి, మర్నాడు ఆఫీసులో నా సొంత తెలివిలాగా చెప్పేవాణ్ణి.

అప్పటిదాకా అవన్నీ ఎవరో వ్యాపారస్తుల గొడవలు. విదేశీ మారక ద్రవ్యం అధ్యాయానికి వచ్చేసరికి ఆ పుస్తకంలో మా ఇంటిపేరు కనిపించడం మొదలుపెట్టింది.

మనకంటే ముందు గల్ఫ్‌కి వచ్చిన పెద్దలు ఇప్పటికీ ఫెరా అనగానే గొంతు తగ్గిస్తారు. 1973 నాటి ఆ చట్టం కింద విదేశీ డబ్బు విషయంలో తప్పు చేస్తే జైలు. దాని స్థానంలో 1999లో ఫెమా వచ్చింది, 2000 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు తప్పుకు జరిమానా, అదీ వ్యవహారం విలువకు మూడింతల దాకా ఉండొచ్చు. ఉద్యోగానికి దేశం దాటినవాడు ఊళ్ళో తన మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే నడపకూడదు, ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. ప్రవాస భారతీయుడు మన దేశంలో ఇల్లు కొనొచ్చు, షాపు కొనొచ్చు. కానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్ హౌసు కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు.

ఈ చివరి ముక్క నేను సరిగ్గా వినలేదు. విని ఉంటే తర్వాత వారానికి అంత రభస జరిగేది కాదు.

సాగర్ కుడి కాలువ కింద, కాలువ చివరి భూముల్లో మా నాన్నకు కొంత పొలం ఉండేది. 1998లో నాకు ఇంజనీరింగులో పేమెంటు సీటు వచ్చినప్పుడు అందులోంచి ఎకరం ఇరవై సెంట్లు అమ్మారు. పక్క పొలం ఆయనే కొన్నారు. రిజిస్ట్రేషన్ అయిన రోజు సాయంత్రం నాన్న అన్నం తినకుండా పడుకోవడం నాకు బాగా గుర్తు. ఈ దేశానికి వచ్చి మొదటి జీతం అందుకున్న రోజే ఒక మాట అనుకున్నాను, ఎప్పటికైనా ఆ ఎకరం ఇరవై సెంట్లు తిరిగి కొనాలి. నాన్న పోయారు, ఆ మాట మిగిలింది.

పోయిన ఏడాది మే నెలలో అన్నయ్య ఫోను చేశాడు. "ఒరే తమ్ముడూ, ఆ ముక్క అమ్మకానికొచ్చిందిరా. వాళ్ళ పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు, చూసుకునేవాళ్ళు లేరు. నెల రోజులు ఆగుతామన్నారు. నువ్వు డబ్బు పంపు, నా పేరున రిజిస్టర్ చేయిస్తా. పొలం నీదే."

నాకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. రెండేళ్ళ పొదుపు ఒక్క దెబ్బకు పోతుంది, పోతే పోనీ. ఫోను పెట్టి మా శ్రీమతికి చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"ఏవండీ, అది మీరు కొనకూడదు."

"నా పేరున కాదు కదా. అన్నయ్య పేరున."

"డబ్బు మీది, పేరు ఆయనది, అనుభవించే హక్కు మళ్ళీ మీది. దాన్నే బినామీ అంటారు" అని నాలుగు అధ్యాయాలు వెనక్కి తిప్పింది.

ఆ మాట నేను సినిమాల్లో విన్నాను. బినామీ అంటే మంత్రులు, కాంట్రాక్టర్లు, తోటమాలి పేరున బంగళాలు. నాన్న అమ్మిన పొలాన్ని కొడుకు తిరిగి కొనుక్కోవడానికి ఆ పేరేమిటి? కానీ పుస్తకంలో ఉన్నది ఆవిడ చెప్పిందే. 1988లో వచ్చిన చట్టం చాలాకాలం కాగితం మీదే పడి ఉంది. 2016లో దాన్ని తిరగరాశారు, ఆ ఏడాది నవంబరు 1 నుంచి కోరలొచ్చాయి. ఆస్తి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, పైగా ఆస్తి విలువలో పాతిక శాతం దాకా జరిమానా. భార్య పేరునో పిల్లల పేరునో లెక్క చూపగల సొంత డబ్బుతో కొంటే బినామీ కాదు. అన్నదమ్ముల పేరున కొంటే కూడా కాదు, కాకపోతే దస్తావేజులో డబ్బు పెట్టినవాడి పేరు కూడా ఉండాలి.

"అయితే ఇద్దరి పేర్లూ పెట్టిద్దాం" అన్నాను.

"మీ పేరు పెడితే ఫెమా అడ్డం. అది వ్యవసాయ భూమి."

ఒక చట్టం నా పేరు ఉండాలంటుంది, ఇంకో చట్టం ఉండకూడదంటుంది. పట్టువదలకుండా, 2022లో సుప్రీంకోర్టు ఈ బినామీ చట్టంలో కొంత కొట్టేసిందట కదా అన్నాను, ఆఫీసులో ఎవరో అనగా విని. ఆ తీర్పును 2024 అక్టోబరులో ఆ కోర్టే వెనక్కి తీసుకుందని, అయినా ఇప్పుడు కొత్తగా కొనేవాడికి ఆ వాదన పనికిరాదని ఆవిడ చెప్పింది. అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. "నువ్వు చదివే చదువు మా అన్నదమ్ముల్ని విడగొట్టడానికా?" అని. ఆవిడ జవాబివ్వలేదు. పుస్తకం మూసి లోపలికి వెళ్ళిపోయింది.

అన్నయ్యకు చెప్పడం ఇంకా కష్టమైంది. ఫెమా, బినామీ అని నేను నసుగుతుంటే కాసేపు విని, "చట్టం సంగతి నాకు తెలియదురా. నీ ఎకరం నేను మింగేస్తానని అమ్మాయికి భయంగా ఉందా? సూటిగా చెప్పు" అన్నాడు. అమ్మాయి అంటే మా శ్రీమతి. పద్దెనిమిదేళ్ళలో ఆవిణ్ణి ఒక్క మాట అనని మనిషి. ఫోను పెట్టేశాడు. రెండు వారాలు మళ్ళీ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

ఆ రోజుల్లో సాయంత్రాలు ఒయాసిస్సుకి వెళ్ళి ఒంటరిగా నడిచేవాణ్ణి. మన ఊరి ఒయాసిస్సు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. అడ్డగోడల మధ్య ఖర్జూరపు నీడ, పక్కనే సన్నగా పారే ఫలజ్ కాలువ. 2011లో యునెస్కో ఈ ఒయాసిస్సులకు ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. ఆ కాలువల్లో నీళ్ళు ఎవరికి పడితే వాళ్ళకు పారవు. ఏ తోటకు ఎంతసేపు అన్నది వంతుల ప్రకారం పూర్వం నుంచీ లెక్క. ఆ వంతు మాట గుర్తుకు రాగానే మా ఊరి కాలువ కళ్ళ ముందు నిలబడింది. చివరి భూములకు నీళ్ళు అర్ధరాత్రి దాటాక వచ్చేవి. నాన్న లాంతరు పట్టుకుని గట్టు మీద కాపలా కూర్చునేవారు. నేను హాస్టల్లో చదువుకుంటున్న నాలుగేళ్ళూ నాన్నకు బదులు ఆ గట్టు మీద కూర్చున్నది అన్నయ్య. డిగ్రీ మధ్యలో ఆపేసి కూర్చున్నాడు.

అక్కడ నడుస్తుంటే ఒక లెక్క తట్టింది. ఇరవై ఏడేళ్ళుగా తట్టని లెక్క. ఆ పొలం తాతలనాటిది. అమ్మినప్పుడు అందులో అన్నయ్య వాటా కూడా పోయింది. నా చదువు కోసం పోయింది. అమ్మే ముందు అన్నయ్యను ఎవరైనా అడిగారా? నాకు గుర్తున్నంతవరకు లేదు. నాన్న అన్నం తినకపోవడం చూశాను గాని, ఆ రోజు అన్నయ్య తిన్నాడో లేదో నేను చూడలేదు.

ఇంటికొచ్చి మా శ్రీమతికి క్షమాపణ చెప్పుకుని ఆ మాట చెప్పాను. ఆవిడ ఇంకో పుస్తకం తెచ్చింది. అది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు అంటుంది ఇరవై అయిదో సెక్షను. కానీ దగ్గర బంధువుల మధ్య సహజమైన ప్రేమానురాగాలతో, రాతపూర్వకంగా, రిజిస్టరు చేసి ఇచ్చిన మాట చెల్లుతుందని అందులోనే మినహాయింపు ఉంది. ఇంత ఎండు చట్టంలో ప్రేమ అన్న మాట చూసి ఆశ్చర్యపోయాను. "మరీ సంబరపడకండి. 1900లో కలకత్తా హైకోర్టు, దగ్గరి చుట్టరికం ఉన్నంత మాత్రాన ప్రేమ ఉన్నట్టు కాదని తేల్చింది. ఆ కేసులో ఎప్పుడూ పోట్లాడుకునేది మొగుడూ పెళ్ళాలే" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. మూడు వారాల తర్వాత అదే మొదటి నవ్వు.

ఆ తర్వాత నింపాదిగా చెప్పింది. "రేపు ఇస్తానన్న మాటకైతే ఈ తతంగమంతా కావాలి. ఇచ్చేసిన బహుమతికి ఇదేమీ అడ్డు రాదు. మీరు బావగారికి డబ్బు బహుమతిగా ఇవ్వొచ్చు. అన్నదమ్ముల మధ్య దానికి ఆదాయపు పన్ను కూడా లేదు. ఆ డబ్బుతో ఆయన పొలం కొంటారో, ఇల్లే కడతారో ఆయన ఇష్టం. కాకపోతే ఒకటి. ఇచ్చాక అది మీది కాదు. పైకి ఇచ్చి లోపల నాదేనని అనుకుంటే మళ్ళీ అది బినామీయే. అలా ఇవ్వగలరా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. నాకు కావలసింది ఆ నేలా, ఆ నేల మీద నా పేరా, లేక అప్పు తీరడమా? అప్పు తీరడమే అయితే, ఎవరి అప్పు?

నాలుగో రోజు ఫోను చేశాను. "అన్నయ్యా, పొలం కొనమని పంపడం లేదు. నీకిస్తున్నాను. అది నీ పొలం, రేపు నీ పిల్లల పొలం."

"వద్దురా. అది నీ చదువుకి అమ్మింది. నీకే దక్కాలి."

"అందులో నీ వాటా కూడా ఉంది అన్నయ్యా. నిన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "ఆ రాత్రి వంతు మనదే. నీళ్ళు పెట్టడానికి వెళ్ళాను. ఇంక మన గట్టు ఎక్కడిదాకానో చీకట్లో తెలియలేదు" అన్నాడు. ఇరవై ఏడేళ్ళలో దాని గురించి అన్నయ్య నోటివెంట వచ్చిన మొదటి మాట అది.

డబ్బు బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపాను. ఇది బహుమతి, దీనితో కొన్న దేని మీదా నాకు ఏ హక్కూ లేదు అని కాగితం రాసి సంతకం చేసి పంపాను. నాన్న పేరున మిగిలిన పొలంలో నా వాటా ఎలాగూ వారసత్వంగా ఉంది, దానికి ఫెమా అడ్డం లేదు. జూన్‌లో మా శ్రీమతిని పరీక్షలకు దుబాయి తీసుకెళ్తూ ఉండగా దారిలో అన్నయ్య ఫోను, రిజిస్ట్రేషన్ అయిపోయిందని. "అమ్మాయికివ్వు" అన్నాడు. ఆవిడతో ఏమన్నాడో నాకు తెలియదు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ పుస్తకం తెరిచింది. ఆ పేపరు గట్టెక్కింది.

మనలో చాలామంది ఊరికి డబ్బు పంపుతూనే ఉంటాం. అది అప్పో, పొదుపో, బహుమతో, పెట్టుబడో ఎవరికీ చెప్పం. మనకు మనమే చెప్పుకోం. పేచీలన్నీ అక్కడే పుడతాయి. పంపేముందు దాని పేరేమిటో తేల్చుకోమని చట్టం అడుగుతుంది. అడిగినందుకు మొదట కోపం వచ్చినా, నాకు మంచే చేసింది.

అన్నయ్య ఆ ఎకరం ఇరవై సెంట్లలో మిరప వేశాడు. పోయిన నెల ఊరి నుంచి వచ్చినవాళ్ళ చేత వదిన కారం డబ్బా పంపింది. మా ఇంట్లో ఈ ఉగాది పచ్చడిలో కారం అదే. "బహుమతే కదా, పన్ను లేదు" అంది మా శ్రీమతి, చిటికెడు ఎక్కువే వేస్తూ.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.