చలి కాచుకొనుట, ఇల్లు కాచుట

తెలుగున “కాచు” అను క్రియ కడు వింతయైనది. చెట్టు కాయలు కాచును. కావలివాడు చేను కాచును. ఇల్లాలు పాలు కాచును. ముసలివారు నెగడు చుట్టును జేరి చలి కాచుకొందురు. కాని “ఇల్లు కాచితిమి” అనినచో గదులను వెచ్చజేసితిమని యెవ్వరును గ్రహింపరు. దొంగలు రాకుండ కావలి యుంటిమనియే యర్థము. మనిషి వెచ్చబడుటకు మనకు మాటలున్నవి. ఇల్లు వెచ్చబడుటకు అంత సూటియైన మాట మాకు తోచదు. ఎండ దండిగా గల నేలలలో పెరిగిన భాషకు దాని యక్కఱ యేమి?

మేట్టుపాళయమున తరతరములుగా నున్న మావంటి తెలుగు కుటుంబములకును ఆ యక్కఱ లేకపోయినది. భవానీ నది యొడ్డున, సముద్రమట్టమునకు సుమారు 330 మీటర్ల యెత్తున మా యూరున్నది. పుష్యమాసపు తెల్లవాఱుజామున ఒక దుప్పటి అదనముగా కప్పుకొన్న చాలును. నిప్పుతో మా పని వంటకును, స్నానపు నీళ్ళకును సరి. పెరటిలో రాగి బాయిలరు ఉండెడిది. నడిమి గొట్టములో నిప్పు, దాని చుట్టును నీరు. కొబ్బరిచిప్పలు, పోకతొక్కలు వేసిన చాలును. మంట నాలుగు ప్రక్కలను నీటినే తాకును గనుక, మూడు రాళ్ళపై నెక్కించిన కాగు కంటె తక్కువ చితుకులతో పని జరిగెడిది. నేడు ఆ పనిని మేడమీది సౌరఫలకములు చేయుచున్నవి.

మా యూరి నుండి బయలుదేరు కొండరైలు 1899లో కూనూరు వఱకును, 1908లో ఉదకమండలము వఱకును సాగినది. 46 కిలోమీటర్ల దారి. ఎక్కుటకు దాదాపు ఐదు గంటలు. చేరునది 2,200 మీటర్ల యెత్తు. కిలోమీటరు ఎత్తునకు ఇంచుమించు ఆఱు డిగ్రీల వంతున వేడి తగ్గును గనుక, ఇచట చెమట తుడుచుకొని యెక్కినవారు అచట శాలువకై వెదకికొందురు. జనవరి రాత్రులలో అచటి పచ్చికపై మంచు తెల్లగా పేరుకొనును.

ఎనుబదియేండ్లు దాటిన మా పెద్ద మేనత్త కొడుకు దగ్గఱ నుండుటకు ఆ కొండ యెక్కినారు. ఆమె సామానులో ఇత్తడి చెంబు, బొంత, మట్టి కుంపటి ముఖ్యములు. తొలి చలికాలమునకే కాళ్ళు నీలుక్కొనిపోయి నిద్ర కఱవైనది. ఏ విధమున ఆమె గదిని వెచ్చజేయవలెనని ఇంటిల్లిపాదియు తర్జనభర్జన పడితిమి. అంతయు విని ఆమె, “గదికెందుకప్పా వెచ్చన? నా కాళ్ళకు గదా కావలె!” అన్నారు. మా లెక్కలన్నియు ఆ మాటతో మరల మొదలైనవి.

ఆ యిల్లు ఇంగ్లీషువారి నాటి అద్దెయిల్లు. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు, గదికొక గోడపొయ్యి. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1820ల ఆరంభమున ఉదకమండలమున ఇల్లు కట్టుకొన్నది మొదలు, వచ్చినవారందఱు తమ దేశపు పొయ్యిని వెంట దెచ్చుకొన్నారు. చూచుటకు దానంత ఇంపైనది లేదు. కాని దాని వేడిలో నూటికి పది, పదునైదు పాళ్ళు మాత్రమే గదిలో నిలుచును. తక్కినది పొగగొట్టము గుండ ఆకాశమునకు పోవును. పోవునది ఊరకయు పోదు, తలుపు సందుల గుండ బయటి చలిగాలిని లోనికి లాగును. మోకాళ్ళు మాడును, వీపు వణకును! కౌంట్ రమ్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞుడు 1796లోనే ఈ లోపమును వివరించి, పొయ్యి లోతును, పొగగొట్టపు కంఠమును తగ్గింపుమని వ్రాసెను. కిలో ఎండుకట్టెలో 3,500 కిలోకేలరీలు ఉన్నవనుకొన్నను, గదికి దక్కునది కరెంటు లెక్కలో సగము యూనిట్టు మాత్రమే. ఈ పొయ్యిల ఆకలికి చోలవనములు చాలకనే ఆస్ట్రేలియా నుండి యూకలిప్టసును, తుమ్మజాతి చెట్లను దెచ్చి వంటచెఱకు తోటలు నాటిరి. ఆ కొండల రూపే మాఱినది.

అదే కొండపై తోడా జాతివారు అంతకు చాల ముందునుండియే కాపురమున్నారు. వెదురు, పేము, గడ్డితో కట్టిన వారి గుడిసె సగము పీపా వలె వంగి యుండును. ద్వారము ప్రాకి దూరవలసినంత చిన్నది. గాలి దూరదు, వేడి కప్పు క్రిందికి పాఱిపోదు. కలెక్టరు బంగళా కంటె ఆ గుడిసె కట్టినవారికే చలి శాస్త్రము బాగుగా తెలియునని మా యభిప్రాయము.

ఇక కుంపటి. కాశ్మీరీలు అంగరఖా క్రింద పట్టుకొను కాంగ్రీయు, జపానువారు బొంత కప్పిన బల్ల క్రింద నుంచు కొటాట్సుయు దాని చుట్టములే. మనిషిని మాత్రమే కాచుట వీని గుణము. అందుచే ఖర్చు స్వల్పము. కాని మూసిన గదిలో బొగ్గుకుంపటి యముని దూత. చాలినంత గాలి లేక మండు బొగ్గు నుండి కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తమున ఆక్సిజను కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా అంటుకొనును. నిద్రించువాడు ఉక్కిరిబిక్కిరియై లేవడు, నిద్రలోనే పోవును. కొండయూళ్ళ బసలలో ఇట్టి చావుల వార్తలు నేటికిని పత్రికలలో వచ్చుచున్నవి. గుండెలమీద కుంపటి యనుట మనకు నానుడి. ఇది నానుడి కాదు. రాత్రి గదిలో కుంపటి వలదని మేమందఱము పట్టుబట్టితిమి. ఆమె రెండు దినములు మాతో మాటలాడలేదు.

మిగిలినది కరెంటు. 1,500 వాట్ల హీటరు ఎనిమిది గంటలు ఆగక పని చేసిన 12 యూనిట్లు. నూనె నింపిన రేడియేటరు నెమ్మదిగా కాగును గాని చప్పుడు లేదు, కన్ను చెదరదు. ముసలివారికి అదియే మేలు. బయటి గాలిలోని వేడిని లోనికి తోడు ఎయిర్ కండిషనరు అంతే వేడిని 4 యూనిట్లకే ఈయగలదు. చలి ముదిరినకొలది దాని నేర్పు తగ్గును. కిటికీలు వదులైన అద్దెయింట గోడ తొలిచి దానిని బిగించుట మాకు నచ్చలేదు. రెండు లీటర్ల నీటిని 15 డిగ్రీల నుండి 70 డిగ్రీలకు కాచుటకు 110 కిలోకేలరీలు, అనగా యూనిట్టులో ఎనిమిదవ వంతు చాలును. ఆ నీటిని రబ్బరు సంచిలో పోసి, మందపు గుడ్డ చుట్టి, పాదముల చెంత నుంచినచో ఆమె అడిగినది అడిగినట్లే సమకూడినది.

ఐనను, కాళ్ళు వెచ్చనైన చాలుననుట పూర్తిగా సరికాదు. చల్లని గాలి పీల్చిన వృద్ధులకు రక్తపుపోటు, ఊపిరి బాధలు హెచ్చును. గది 18 డిగ్రీలకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించినది. అందుచే ముందు కిటికీ సందులకు రబ్బరు పట్టీలు వేసితిమి. గోడపొయ్యి వాడుట మాని దాని గొట్టమును పలకతో మూసితిమి. మంచమును బయటి గోడ నుండి జరిపి, ఎత్తు కప్పునకు దిగువగా ముతక గుడ్డ పందిరి కట్టితిమి. ఆ పిమ్మట రేడియేటరు సాయంకాలము కొంతసేపు, తెల్లవాఱుజామున కొంతసేపు వెలిగిన చాలినది. వేడి కొనుటకు ముందు కొన్న వేడిని నిలుపుకొనవలెను. ఇందు మాకు గురువులు తోడాలే.

కుంపటిని ఆమె విడువలేదు. పొద్దెక్కిన పిమ్మట వసారాలో, నాలుగు దిక్కుల గాలి ఆడుచోట, రాజవేసి కూర్చుందురు. కొండ నుండి మా యూరి మండీకి దిగివచ్చు బంగాళాదుంపలే అచట బూడిదలో మగ్గుచుండును. పోయిన పుష్యమున మేము వెళ్ళి, చలికి తాళలేక వసారా తలుపు ముందుకు త్రోయబోగా, “తెఱిచే ఉంచండప్పా, లోపల నిప్పుంది” అని మమ్ము వారించిరి.