లక్కముద్ర వెనుక జీవి

ముఖ్యమైన కవర్లపై లక్కముద్ర వేయడం కార్యాలయాలలో చిరకాల ఆచారం. ఆ లక్క ఒక సూక్ష్మకీటకం స్రవించినదని మనలో ఎందరికి తెలుసు? ద్వీపాలలోనే పుట్టి, మిడిల్ పాయింట్‌లో పెరుగుతున్న మా పిల్లలకు స్వస్థలమైన సామర్లకోట కేవలం ఒక పేరుగా మిగిలిపోరాదని నేను వారికి ఈ కీటకం కథ చెబుతూ ఉంటాను.

1665లో రాబర్ట్ హుక్ తన ‘మైక్రోగ్రాఫియా’ గ్రంథంలో ఈగ కన్నును, పేనును ఎన్నో రెట్లు పెంచి రాగిరేకులపై చెక్కించిన చిత్రాలుగా ప్రకటించినప్పుడు లోకం విస్తుపోయింది. అల్పజీవులు కూడా చూడదగినవేనని ఆ పటాలు నేర్పాయి.

ఆ దృష్టి శతాబ్దం తరువాత గోదావరి సీమకు చేరింది. సామర్లకోటలో ఉండిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్, 1789 నవంబరు 20న కొండల నుండి వచ్చిన లక్క కొమ్మలను భద్రపరచి, ఓపికగా కనిపెట్టుకొని ఉన్నాడు. డిసెంబరు 4న, అనగా 14వ నాటికి, వాటి నుండి అసంఖ్యాకంగా ఎర్రని సూక్ష్మజీవులు వెలువడ్డాయి. ఒక్కొక్కటి సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. ఆడపురుగు కొమ్మకు అతుక్కొని, కాళ్ళు కోల్పోయి, తన లక్కలోనే బందీ అవుతుంది. ఆయన పరిశీలన 1791లో రాయల్ సొసైటీ పత్రికలో చిత్రాలతో అచ్చయింది.

కొండల నుండి కొమ్మలు తెచ్చినవారే లేకుంటే ఆ పటమూ లేదు. “అయితే నాన్నగారూ, ఆ పురుగు మన ఊరిదేనా?” అని మా అమ్మాయి అడిగింది.

“పురుగు కొండలదమ్మా. దానిని అంత ఓపికగా చూసిన చోటు మాత్రం మన ఊరే” అన్నాను.