వెనుకకు వేసిన అడుగు

ముందుకు సాగుటయే మేలు, వెనుకకు మళ్ళుట ఓటమి అని మనలో చాలామంది తలంపు. మేమును అట్లే అనుకొనేవారము. 2016వ సంవత్సరములో మా సంఘ కార్యాలయములోని కంప్యూటరు మాకు వేరొక పాఠము నేర్పింది.

అప్పుడు దానిలో విండోస్ 7 ఉండేది. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. విండోస్ 7 ఉన్నవారు ఒక సంవత్సరము లోపల దానిని ఉచితముగా మార్చుకొనవచ్చునన్నారు. ఉచితమంటే మా వంటి కరువు సీమవారికి ఆశ ఎక్కువ గదా! ఎవరినీ అడగక, ఫైళ్ళకు నకలు కూడా తీసిపెట్టక, ఒక రాత్రి మార్చివేశాము. తెర కొత్తగా మెరిసింది. ఆదివారము ఆరాధన తరువాత యౌవనస్థులను పిలిచి చూపించి మురిసిపోయాము.

మూడు వారములు గడిచాయి. ఒక సాయంత్రము మా సంఘపు అవ్వ ఒకామె పల్లె నుండి బస్సులో వచ్చింది. ఆమె భర్త గుంతకల్లులో రైల్వే గ్యాంగ్‌మన్‌గా పని చేసి, ఆ మధ్యనే ప్రభువునందు నిద్రించాడు.

"అయ్యగారూ, పింఛను కాగితాల్లోకి మా పెండ్లి తేదీ కావాలంట. గుడి పుస్తకంలో చూసి రాసియ్యండి" అన్నది.

మా పాత పెండ్లి రిజిస్టరుకు చెదలు పట్టగా, పూర్తిగా పాడు కాకమునుపే 2009లో దానిని టైపు చేయించి కంప్యూటరులో ఉంచాము. ఆ ఫైలు తెరిచాము. తెలుగు లేదు! వరుసగా ఇంగ్లీషు అక్షరములు, అర్థము లేని గుర్తులు. మా తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ తెరుచుకొనలేదు, దాని ఫాంట్లు కనబడలేదు.

అవ్వ మా ముఖము చూసి, "ఏం అయ్యగారూ, మా పేర్లు లేవా?" అన్నది. ఆ మాట మా గుండెలో గుచ్చుకొన్నది. మరుసటి దినము రమ్మని చెప్పి ఆమెను బంధువుల ఇంటికి పంపాము.

సంగతి ఏమనగా, ఆ కాలపు తెలుగు ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చినవి. ఫైలులో దాగియున్నది ఇంగ్లీషు సంకేతమే. ఆ ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగుగా కనబడుతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉదయాన్నే అనంతపురములో కంప్యూటరు పని తెలిసిన ఒక సహోదరునికి ఫోను చేశాము. "భయపడవద్దండి. పాత విండోస్ లోపలే దాచి ఉంటుంది. మార్చిన నెల లోపలైతే వెనుకకు పోవచ్చు. ఆ తరువాత అది తీసివేయబడుతుంది" అన్నాడు. లెక్క చూసుకొంటే ఇంక ఆరు దినములే ఉన్నవి! "ముందు మీ ఫైళ్ళన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించుకొనండి" అన్నాడు. మేము మొదటనే చేయవలసిన పని అది.

అతడు చెప్పినట్లే సెట్టింగులలో రికవరీ అనుచోటికి పోయి, వెనుకకు మళ్ళించు మీట నొక్కాము. ఇంటిల్లిపాది కరెంటు పోకూడదని ప్రార్థించాము. పాత తెర వచ్చింది. ఫైలు తెరిస్తే అవ్వ పేరు, ఆయన పేరు, పెండ్లి తేదీ చక్కని తెలుగులో ఉన్నవి. ఉత్తరము వ్రాసి, ముద్ర వేసి ఇచ్చాము.

మా సీమలో వరుసగా వేరుశనగ ఎండిపోయిన తరువాత తాతలనాటి కొర్ర, సజ్జ మరల చల్లుకొన్న రైతులున్నారు. వారిని ఓడిపోయినవారని ఎవరంటారు? తన నేలకు ఏది సరిపడునో తెలుసుకొన్నవాడు వివేకి. లూకా 5వ అధ్యాయములో పాత బట్టకు కొత్త మాసిక వేయు సంగతి ప్రభువు చెప్పాడు. ఆ లేఖనము మీద ఎన్నోసార్లు ప్రసంగించిన మేమే దానిని మరచిపోయాము.

అయితే వెనుకనే నిలిచిపోవుట కూడా క్షేమము కాదు. విండోస్ 7కు భద్రతా మరమ్మతులు 2020 జనవరి 14న ఆగిపోయాయి. విండోస్ 10కి సయితము సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. కావున ఆ పాత యంత్రమునకు ఇంటర్నెట్టు తీసివేశాము. రిజిస్టరంతా యూనికోడులో మరల టైపు చేయించాము. యూనికోడులో 1991 నుండి తెలుగునకు స్వంత స్థానమున్నది గనుక నేటి ఏ ఫోనులోనైనా దానిని చదువవచ్చును. కాగితము మీద ఒక ప్రతి తీసి ఇనుప బీరువాలో పెట్టాము.

పాఠకులారా, మార్చక మునుపు నకలు తీయండి. వెనుకకు దారి ఉన్నదేమో, ఎన్నాళ్ళుండునో అడగండి. ఆ నెల గడువు తరువాత పది దినములకు తగ్గింది.

కొన్ని నెలలకు అవ్వ మరల వచ్చింది. చేతిలో చిన్న సంచి. "పింఛను వచ్చింది అయ్యగారూ. ఇవి మా చేలో పండిన కొర్రలు, అమ్మగారికి ఇయ్యండి" అన్నది.