గీచిన గీటు

మన గోదావరి ప్రాంతమున ఒక బాలికను మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు "గీచిన గీటు దాటని పిల్ల" యని చెప్పుట వాడుక. ఉపాధ్యాయినిగా నేనును ఈ మాటను పలుమారులు వాడితిని. తలిదండ్రుల యెదుట పలికితిని. ప్రోగ్రెసు కార్డులమీద వ్రాసితిని. ఈ సంవత్సరము మన పాఠశాల ఆవరణమున బాలికల బాస్కెట్‌బాల్ ఆటకై సున్నముతో గీటులు గీయించిన దినమున ఆ మాట మరల జ్ఞాపకమునకు వచ్చినది గాని, మునుపటివలె సంతోషము కలిగింపలేదు. ఏలయనగా ఒకప్పుడు నేను గీచిన గీటొకటి నా మనస్సున నేటికిని చెరగక యున్నది. దానిని గూర్చి మన పత్రికలో నాలుగు మాటలు వ్రాయుట నా విధియని తలంచితిని.

సుమారు 15 సంవత్సరముల క్రిందట నేను వేరొక ఊరి పాఠశాలలో పని చేయుచుంటిని. అచ్చట తొమ్మిదవ తరగతిలో బియ్యపు మిల్లు కూలివాని కుమార్తె యొకతె చదువుచుండెను. తరగతిలో ప్రశ్న వేసినచో తల వంచుకొని నిలిచెడిది. కాని చేతికి బంతి వచ్చెనేని ఆమెకు నోరు వచ్చెడిది. తోడి బాలికలను పేరు పేరున కేకవేసి మైదానమంతయు నడిపించెడిది. ఆ యేడు ఆమె జిల్లా జట్టునకు ఎన్నికయ్యెను. పరస్థలమున నాలుగు దినములు ఉండవలసి యుండెను. తండ్రి నాయొద్దకు వచ్చి చేతులు కట్టుకొని నిలిచి, "అమ్మగారూ, మాకేం తెలుసండి. తమరు పంపమంటే పంపుతాను, వద్దంటే మానేస్తాను" అనెను.

నేను క్షణమైనను ఆలోచింపలేదు. "వచ్చే యేడు పదో తరగతి. పైగా ఆడపిల్ల. ఊళ్లు తిరిగి బంతాడితే దానికేం కలిసొస్తుందండీ? చదువుకోనివ్వండి" అంటిని. ఆ పిల్ల వాకిటి ప్రక్కను నిలిచి వినుచుండెను. మరునాడు డ్రిల్లు మాస్టరుగారి బల్లమీద ఒక జత కాన్వాసు బూట్లు కనబడెను. అవి పాఠశాలవారు ఆమెకు ఎరువిచ్చినవి. సుద్దతో తెల్లగా తుడిచి, తాళ్లు రెండును ముడివేసి పెట్టినది. తరువాత ఆమె మైదానమున అడుగుపెట్టలేదు. పదవ తరగతి పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను. నా మాట నెగ్గినదని నేను తృప్తిపడితిని.

రెండు సంవత్సరముల క్రిందట సామర్లకోట స్టేషనులో కాకినాడ బండికొరకు వేచియుండగా, చంకను బిడ్డతో ఒక యువతి వచ్చి నమస్కరించినది. ఆమెయే. క్షేమసమాచారము లడిగితిని. తన బ్రతుకును గూర్చి క్లుప్తముగా చెప్పి, బండి కదలబోవు సమయమున ఆమె అడిగిన దొక్కటే: "ఇప్పుడు మీ బడిలో ఆడపిల్లలు బంతి ఆడుతున్నారా అండీ?" ఆ మాటలో నిష్ఠురము లేదు. అందుచేతనే అది నన్ను విడువలేదు. "దానికేం కలిసొస్తుంది" అని నేను ఆనాడు వేసిన ప్రశ్నకు నాకే ఉత్తరము తెలియదని గ్రహించి, ఈ ఆట చరిత్రను వెదకి చదువ నారంభించితిని.

మన ఊరికి కెనడా బాప్తిస్టు మిషనరీలు క్రొత్తవారు కారు. ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్‌గారును కెనడా దేశస్థుడే; ఒంటారియో రాష్ట్రమున పుట్టి, వేదాంతవిద్య నభ్యసించినవాడు. వారు అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరమున వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో పని చేయుచు, 1891 డిశంబరులో, చలికాలమున ఇంటిలోపల ఆడదగిన ఆటగా దీనిని ఏర్పరచిరి. రెండు పీచు పండ్ల బుట్టలను 10 అడుగుల ఎత్తున మేకులతో కొట్టి, 13 నియమములు వ్రాసిరి.

కొన్ని వారములలోనే, 1892 లో, సమీపమున నున్న స్మిత్ మహిళా కళాశాలలో సెండా బెరెన్‌సన్ అను ఉపాధ్యాయిని తన విద్యార్థినులకు ఈ ఆట నేర్పెను. 1893 లో జరిగిన వారి తరగతుల పోటీకి పురుష ప్రేక్షకులను రానీయలేదు. ఆమె బాలికల మేలు కోరినది. అయినను, బాలికలు అలసిపోవుదురేమో, మొరటుదనము నేర్తురేమో యను శంకలు లోకమున మెండుగా నుండుటచే, మైదానమును మూడు భాగములుగా గీటులు గీచి, ఎవరి భాగమున వారే యుండవలెనని నియమము చేసెను. ఎదుటివారి చేతినుండి బంతిని లాగుకొనరాదు. ఆ గీటులు కాలక్రమమున మారినను, సమూలముగ పోవుటకు దాదాపు 80 సంవత్సరములు పట్టినది. అయిదుగురు బాలికలు మైదానమంతట పరుగెత్తి ఆడు పద్ధతి అమెరికా మహిళా కళాశాలల ఆటలో 1971 లో స్థిరపడెను. ప్రేమతో గీచిన గీటు ద్వేషముతో గీచినదానికంటె గట్టిదని నాకు తోచినది. నేను గీచినదియు ప్రేమతోనే గదా!

ఆ గీటులు పోయిన మొదటి ఋతువున జరిగిన కథ యొకటి కలదు. కళాశాల స్త్రీలకు జాతీయస్థాయి పోటీ యుండవలెనని కరోల్ ఎక్‌మన్ అను శిక్షకురాలు 1969 లో పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టరు కళాశాలయందు 16 జట్లను పిలిచి పోటీ నడిపించెను. అది ఉపాధ్యాయ శిక్షణకు పేరుపొందిన విద్యాలయము. 1972 మార్చిలో, స్త్రీల కళాశాల క్రీడలకై క్రొత్తగా ఏర్పడిన జాతీయ సంఘముయొక్క మొదటి బాస్కెట్‌బాల్ పోటీ ఇల్లినాయి రాష్ట్రమున జరిగెను. ఆ ఊరి పేరు నార్మల్! మన పెద్దలు నార్మల్ స్కూలు అని పిలిచిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల అచ్చట ఉండుటచే ఊరికే ఆ పేరు వచ్చినది. శిక్షణ కళాశాలలో చదివిన నాకు ఇది చదివినప్పుడు సంతోషమును, వెనువెంటనే సిగ్గును కలిగెను.

ఆ పోటీకి వచ్చిన 16 జట్లలో ఇమాక్యులాటా అను చిన్న మహిళా కళాశాల జట్టునకు 15వ స్థానము నిచ్చిరి. అది రోమను కథోలిక కన్యాస్త్రీలు నడుపుచున్న విద్యాలయము. దాని క్రీడాశాల 1967 లో అగ్నిప్రమాదమున కాలిపోయినది. శిక్షకురాలగు కేథీ రష్‌గారికి మొదట ఏడాదికి ముట్టిన జీతము 450 డాలర్లు. ప్రయాణపు ఖర్చులకై బాలికలు పండ్లుతోముకొను బ్రష్‌లు అమ్మిరి. అయినను చాలక, 11 మందిలో 8 మంది మాత్రమే పోగలిగిరి. అంతకు వారము ముందే వెస్ట్ చెస్టరు జట్టు వీరిని 32 పాయింట్ల తేడాతో ఓడించి యుండెను. ఆ 8 మందియే మూడాటలు గెలిచి, తుదియాటలో అదే వెస్ట్ చెస్టరు జట్టును 52–48 పాయింట్లతో ఓడించి జాతీయ విజేతలైరి. 1973 లోను 1974 లోను మరల గెలిచిరి. వారి ఆటలకు కన్యాస్త్రీలు వచ్చి కూర్చుండి, రేకు బాల్చీలను కఱ్ఱలతో వాయించి ఉత్సాహపరచెడివారట! ఆ కాలపు తమ విద్యార్థినులను గౌరవమునకు లోటు రాకుండ పెంచిన స్త్రీలు వారే. బాల్చీలు వాయించినవారును వారే.

"దానికేం కలిసొస్తుంది?" ఆ జట్టు ఆటగత్తెలలో పలువురు తరువాత శిక్షకురాండ్రైరి. వారిలో థెరీసా షాంక్ అను ఆమె 1992 బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో అమెరికా మహిళా జట్టునకు శిక్షకురాలుగా వెళ్లెను. 2014 లో నైస్మిత్‌గారి పేరిట నున్న కీర్తిమందిరమున ఆ జట్టునకు స్థానము లభించెను. 2024 లో జరిగిన మహిళా కళాశాలల తుదియాటను 1 కోటి 80 లక్షలకు పైగా జనులు టెలివిజనులో చూచిరి. ఆ యేటి పురుషుల తుదియాటను చూచినవారు అంతకంటె తక్కువ. అయితే ఈ లెక్కలు నా విద్యార్థినికి ఉత్తరము కావు. ఆమె విజేత కాగలదో లేదో నాకు తెలియదు. ఆ నాలుగు దినములు ఆడి, ఓడి తిరిగి వచ్చినను, నోరు విప్పి పదిమందిని నడిపించిన జ్ఞాపకము ఆమెకు మిగిలెడిది. దానినే నేను తీసివేసితిని. మన ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానము మీరందరెరుగుదురు. ఆ దాసుడు తనకిచ్చిన తలాంతునే పాతిపెట్టెను. నేనో, పరుల బిడ్డ తలాంతును పాతిపెట్టి, మేలు చేసితినని మురిసితిని.

తలిదండ్రులారా! మీ కుమార్తెలను ఆటల పోటీకి పంపుటకు అనుమతి కోరుచు మన పాఠశాలనుండి కాగితము వచ్చినప్పుడు, ఉపాధ్యాయినినైన నన్ను మాత్రమే అడుగక, ఆ బిడ్డనుకూడ అడుగుడు. ఆమెతో ఏ ఉపాధ్యాయిని వెళ్లునో, ఎచ్చట బస చేయుదురో మమ్ము నిలదీసి అడుగుడు. అది మీ హక్కు. విద్యార్థినులారా! ఆటను సాకుగా చేసికొని పాఠము మానకుడు. కాని పాఠమును సాకుగా చేసి మీ ఆటను మాన్పింపజూచువారు, నావంటివారైనను, కారణమేమని వినయముగ అడుగుడు.

మన పాఠశాల అల్మారాలో ఇప్పుడు బాలికలకై కొన్ని జతల బూట్లు కలవు. అవి మట్టిపడి, అరిగి, చిరుగుగాక. వాటిని తెల్లగా తుడిచి, తాళ్లు ముడివేసి, మాట్లాడక తిరిగి తెచ్చి పెట్టవలసిన దినము మన బిడ్డలలో ఎవరికిని రాకుండుగాక.